తమ్ముడిది, పొడవు ఇరవై ఎనిమిది

కొలతలక్క నోటికి ఆ వీధిలో భయపడనివాళ్ళు లేరు. అలాగని చెడ్డదనుకునేరు, కాదు. చెయ్యి మంచిది, మనసు ఇంకా మంచిది, నోరొక్కటే ఆవిడ మాట వినదు. నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతోంది. గుమ్మంలో ఎవరన్నా అడుగుపెడితే చాలు, టేపు తియ్యకుండానే, "భుజం పదహారున్నర. పొట్ట మాత్రం నిరుటి పొట్ట కాదు, ఏం తింటున్నావేంటి?" అనేది. కొలత ఎప్పుడూ తప్పదు కాబట్టి మాట కూడా పడేవాళ్ళు.

ఆమెకో తమ్ముడు. ఏడేళ్ళు చిన్న. తల్లి తొందరగా పోతే అక్క చేతిమీదే పెరిగాడు. గిరాకీల గుడ్డల్లో మిగిలిన ముక్కలు అతికి వాడికి మొదటి చొక్కా కుట్టింది. అప్పట్నుంచి నలభై ఆరేళ్ళు వచ్చేదాకా వాడి ఒంటిమీద అక్క కుట్టని చొక్కా పడలేదు. పెళ్ళీ పెటాకులూ లేవు. రెండు వీధుల అవతల గది అద్దెకు తీసుకుని కంప్యూటర్లకి పెట్టెలు చేసేవాడు. కంపెనీ ఇచ్చిన పెట్టె నచ్చనివాళ్ళుంటారట, వాళ్ళ కోసం పక్కన అద్దం బిగించడం, లోపల రంగు దీపాలు పెట్టడం, ఒకడికి ఓడలాగా ఇంకొకడికి పియానోలాగా రేకు వంచడం. అదీ పని.

"లోపలున్నది అదేగా, చొక్కా మారిస్తే తెలివొస్తుందట్రా?" అనేది అక్క.

"నువ్వు చేసేదీ అదేగా అక్కా," అనేవాడు వాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. కొలతలక్క నోరు జారిన రోజు ఇది. ఆమె భర్తకి కంటి ఆపరేషన్ అయింది. ఆయన కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి, ఎవరినీ ఏదీ అడగడు. ఆస్పత్రి నుంచి ఇంటికి నేను తీసుకొస్తానని తమ్ముడే మాటిచ్చాడు. కంటికి కట్టుతో ఆయనా, చేతిలో సంచితో ఈమే రెండు గంటలు గుమ్మంలో నిలబడ్డారు. వాడు రాలేదు. ఫోనెత్తలేదు. ఏదో పెట్టె పూర్తి చేస్తూ మర్చిపోయాడు, అంతే. భర్తని ఆటోలో ఇంట్లో దింపి, అదే ఆటోలో ఆవిడ తిన్నగా వాడి గదికి వెళ్ళింది. లోపలికి కూడా అడుగుపెట్టలేదు.

"ఆ పెట్టెల్లోనే పడి చావు!" అని గుమ్మంలోంచే అరిచి వచ్చేసింది.

తర్వాత ఎనిమిది నెలలు మాటల్లేవు. వాడు రెండుసార్లు వీధి చివరిదాకా వచ్చి తిరిగి వెళ్ళిపోవడం కిటికీలోంచి చూసింది. పిలవలేదు. పిలిస్తే తన సొమ్మేం పోయేదో దేవుడికే తెలియాలి. తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం వాడు పోయాడు. గుండె ఆగిందన్నారు. పని బల్లమీద తల వాల్చి ఉన్నాడు, చుట్టూ పెట్టెలు. ఇంటి ఓనరు చూసి చెప్పింది మొదట ఈమెకే. "పెట్టెల మధ్యలోనే..." అని ఆవిడ అంటుంటే కొలతలక్కకి తర్వాతి మాటలు వినపడలేదు.

ఆ రోజునుంచి ఆమె నోరు మూతపడింది. గిరాకీలు వస్తే కొలత తీసుకుని పుస్తకంలో రాసుకునేది, పొట్ట గురించి ఒక్క మాట లేదు. జనానికి అదే ఎక్కువ భయంగా ఉండేది. ఆమె మనసులో ఒకటే ప్రశ్న: నా మాట వాడికి తగిలిందా? తగిలి పోయినా పోయాడు గానీ, దాన్ని మనసులో పెట్టుకునే పోయాడా? ఆస్పత్రివాళ్ళు వాడి ఒంటిమీది చొక్కాని కవర్లో పెట్టి ఇచ్చారు. కవరు విప్పకుండా బీరువా అడుగున పెట్టేసింది.

నెల తిరిగాక, గది ఖాళీ చేయించి అట్టపెట్టెలో ఏవో సామాన్లు పట్టుకొచ్చాడు పార్టుల షాపతను. పదిహేనేళ్ళు తమ్ముడికి సామాన్లమ్మిన మనిషి. "అక్కయ్యగారూ, ఇది ఎవరి ఆర్డరూ కాదు. సొంతానికి చేసుకుంటున్నట్టున్నాడు, పెట్టె మొదలెట్టకముందే..." అని నసిగి, సామాన్లన్నీ చెక్కపలకమీద పరిచాడు. ఆకుపచ్చ బోర్డు, దానిమీద ఇనుప రెక్కలు, వైర్లు. పేగులు బయటపడ్డట్టు ఉందనుకుంది ఆమె, పైకనలేదు. తెర, స్పీకరు తగిలించి ఆన్ చేశాడు. తెరమీద ఒకటే ఫైలుంది. పేరు 'అక్కకి'. తారీఖు చూసి షాపతను గొంతు తగ్గించాడు. "ఆ రోజు మధ్యాహ్నానిదేనండీ."

నొక్కాడు.

"అక్కా... నేనే," అంది తమ్ముడి గొంతు. వెనకాల ఎక్కడో ఫ్యాను చప్పుడు. "ఆ రోజు నువ్వన్న మాట ఉంది చూడు..."

టప్పున తెర నల్లబడింది.

వేడెక్కి ఆగిపోయిందని షాపతను చెప్పాడు. బోర్డుమీది ఫ్యాను తమ్ముడే తీసేశాడట. పెట్టెకి బిగించే ఫ్యాన్ల గాలి ఈ రెక్కల మీదుగా పారేలా ఆలోచించాడట. పెట్టె లేకపోతే దానికి ఊపిరాడదు. "టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి మళ్ళీ ఆన్ చేద్దామా?" అన్నాడు. వద్దంది. "పోనీ డిస్కు ఊడదీసి షాపులో వినిపిస్తా." నలుగురిలో వినను పొమ్మంది. "అయితే ఓ క్యాబినెట్ తెచ్చిస్తాను, బిగించి ఇంట్లో ఉంచుకోండి. వినాలనిపించినప్పుడు వినండి."

"రెడీమేడా?" అంది కొలతలక్క. నెల తర్వాత ఆమె గొంతులో పాత పదును కనపడింది. "మా తమ్ముడు జన్మలో రెడీమేడ్ వేసుకోలేదు. నేనే కుడతాను."

కుట్టడమేమిటి, రేకునా? అతను నవ్వబోయి ఆమె మొహం చూసి మానుకున్నాడు. నిజం మనలో మనం చెప్పుకుందాం, అది పౌరుషం కాదు, భయం. పెట్టె తయారయ్యేదాకా ఆ మాట వినక్కర్లేదు కదా.

షాపతను బోర్డు కొలిచి, పెట్టె ఎత్తెంత ఉండాలో, చుట్టు ఎంతుండాలో అంగుళాల్లో చెప్పాడు. నాలుగు పలకలుగా కొయ్యక్కర్లేదు, గుడ్డలాగా ఒకే రేకు చుట్టి వెనకాల కలిపేస్తానంది ఆమె. అలాగైతే చుట్టుకొలత చాలు. తన కొలతల పుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన 'తమ్ముడిది' అని రాసుకుని, అంకెలు వేసుకుంది.

మర్నాడు పొద్దున పని మొదలెట్టింది. పుస్తకం తెరిచి కుట్టుమిషన్ మీద పెట్టుకుంది, చూసింది, అల్యూమినియం రేకుమీద సుద్దతో గీసింది. రేకు కత్తెర గుడ్డ కత్తెరలా నడవదు, ప్రతి అంగుళానికీ మొరాయిస్తుంది. వేళ్ళు తెగాయి. అంచులు ఆకురాయితో అరగదీయాలని ఆమెకి తెగాకే తెలిసింది. గుండుసూదులు పెట్టుకునే అలవాటుకొద్దీ మరల్ని పెదాల మధ్య పెట్టుకుంటే షాపతను లబలబలాడాడు. "మింగేస్తారండీ బాబూ!"

"నలభై ఏళ్ళు సూదులే మింగలేదు," అంది.

అయినా బుద్ధిగా నేర్చుకుంది, ఆ మాట ఒప్పుకోవాలి. బోర్డుని రేకుకి ఆనించి బిగిస్తే కాలిపోతుందని, కింద ఇత్తడి కాళ్ళు పెట్టాలని చెప్తే, "కోటు గుండీకి కింద దారం మెడ చుట్టినట్టన్నమాట," అని ఒక్కసారికే పట్టేసింది. ఒక ఫ్యాను గాలి లోపలికి లాగాలి, ఇంకొకటి బయటికి తొయ్యాలి. అంచుల్లో అరంగుళం చొప్పున లోపలికి మడత వదిలింది. రేకుకి మడతెందుకండీ, అది పెరుగుతుందా అని షాపతను అడిగితే, మడత వదలకుండా నా చెయ్యి కోయదంది. స్పీకరుని పై అంచు కింద బిగించి, ఆన్ చేసే మీటగా ఒక చొక్కా గుండీ అతికించింది.

వారం తిరిగేసరికి పెట్టె నిలబడింది. బల్లమీద చోటు లేక, మిషన్ పక్కనున్న చేతుల కుర్చీలో పెట్టింది. కాంపౌండరుగారు కాఫీ గ్లాసుతో గదిలోకొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, కాఫీ కాలిమీద ఒలకబోసుకున్నాడు.

"ఏమయిందండీ?"

"ఏం లేదు. ఎవరో కూర్చున్నారనుకున్నా," అన్నాడాయన. తర్వాత కుర్చీని కాసేపు చూసి, "ఏమే, కాస్త పొడుగైనట్టు లేదూ?" అన్నాడు.

పొడుగే అయింది. మూలలు గుండ్రంగా తిరిగి, ముందుకి వెడల్పుగా, పక్కకి సన్నంగా ఉంది. మిషన్ ముందు కూర్చున్నప్పుడు కంటి చివర్లో అది కనపడుతూనే ఉండేది. తల తిప్పితే పెట్టె, తిప్పకపోతే మాత్రం పెట్టె కాదు. షాపతను వచ్చి బిగించి, పొడుగైతే గాలికి మంచిదేలెండి అన్నాడు. ఆన్ చేశాడు. ఈసారి ఆగిపోలేదు. తెరమీద ఓ మూల చిన్న అంకె వెలిగింది, లోపలి వేడి అది. ఎక్కి ఎక్కి ముప్పై ఏడు దగ్గర ఆగింది.

"ముప్పై ఏడు," అన్నాడు కాంపౌండరుగారు, థర్మామీటరు చూసినట్టే కళ్ళజోడు పైకెత్తి. "మనిషి ఒంటి వేడి." అని నాలిక్కరుచుకున్నాడు.

దానికి తోడు ఆ చప్పుడు. ఫ్యాన్లు తిరిగితే గుయ్యిమనాలి కదా, ఇది అలా కాదు. హెచ్చేది, తగ్గేది, మళ్ళీ హెచ్చేది. పీల్చినట్టు, వదిలినట్టు. వదిలేటప్పుడు చివర్లో సన్నటి ఈల. కొలతలక్కకి ఆ ఈల తెలుసు. చిన్నప్పుడు జలుబు చేస్తే తమ్ముడి ముక్కు సరిగ్గా అలాగే ఈల వేసేది, ఆమె పక్కలో పడుకుని. షాపతనికి అందులో వింతేం కనపడలేదు. రెండు ఫ్యాన్లు ఒకే వేగంతో తిరగవు, ఆ తేడాకి శబ్దం ఊగుతుంది, ఈలంటారా, వెనక అతుకు దగ్గర ఎక్కడో బిగుతుగా ఉంది, గాలి ఇరుక్కుంటోంది అన్నాడు. "ఇక మీ ఇష్టం, ఎప్పుడైనా వినొచ్చు. ఫైలు తెరిచే ఉంచాను. ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే మొదలవుతుంది," అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె వినలేదు. ఆ రోజు కాదు, మర్నాడు కాదు. గుండీ నొక్కి ఆపేసింది, ప్లగ్గు మాత్రం ఎందుకో పీకలేదు. పీకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. దానిమీద దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పబోతే భర్త, "అలా మొహంమీద కప్పకే," అన్నాడు. ఎవరి మొహమని ఆమె అడగలేదు. దుప్పటి తీసేసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం భర్త లోపల పడుకున్నాడు. ఆమె ఉండబట్టలేక ఆన్ చేసింది. గుండీ నొక్కింది, ఫ్యాన్లు లేచాయి, తెర వెలిగింది. బాణం గుర్తుని ఫైలుమీదకి తీసుకెళ్ళి నొక్కేసింది కూడా. నొక్కీ నొక్కగానే కరెంటు పోయింది. పోయేసరికి ఆమెకి ప్రాణం లేచొచ్చింది! గండం గడిచిందనుకుని కాలితో తొక్కే మిషన్ దగ్గరికెళ్ళి, కుర్చీకి వీపు పెట్టి కూర్చుని, ఎవరిదో జాకెట్టు పని అందుకుంది. వీధంతా సద్దుమణిగి ఉంది. కొలత కోసం పుస్తకం తీసింది. పుస్తకం తనంతట తానే ఒక పేజీ దగ్గర విచ్చుకుంది. ఎప్పుడూ అక్కడే విచ్చుకుంటుంది, అన్ని ఏళ్ళుగా అన్నిసార్లు తెరిచి అక్కడ వెన్ను నలిగిపోయింది.

పైన 'తమ్ముడిది' అని ఉంది. కింద: పొడవు ఇరవై ఎనిమిది, ఛాతీ ముప్పై ఎనిమిది, భుజం పదిహేడు.

ఆమె పేజీలు గబగబా తిప్పింది. చివరెక్కడో ఇంకో 'తమ్ముడిది' ఉంది, షాపతను చెప్పింది. ఎత్తు ఇరవై, చుట్టు యాభై. ఆ పేజీమీద సుద్ద మరక ఒక్కటీ లేదు. మొదటి పేజీ నిండా సుద్ద వేలిముద్రలే.

అప్పుడర్థమయింది. ఆ పొద్దున పుస్తకం విచ్చుకున్న చోటే చూసి కోసేసింది. పొడవు ఇరవై ఎనిమిది. ఛాతీ ముప్పై ఎనిమిదికి నాలుగంగుళాల వదులు, ఆమె చెయ్యి ఎప్పుడూ కలిపేదే, అడక్కుండా కలిపేసింది. చుట్టు నలభై రెండు. ఆమె కుట్టింది పెట్టె కాదు. ఇన్ని రోజులుగా ఆమె పక్క కుర్చీలో కూర్చున్నది తమ్ముడి చొక్కా.

వెనకనుంచి గాలి పీల్చిన చప్పుడైంది.

కరెంటొచ్చింది, అంతేనండీ. కరెంటు పోయి వస్తే తనంతట తనే లేచి, ఆగిన చోటినుంచే మళ్ళీ వినిపించేలా వాడెప్పుడో పెట్టుకున్నాడని షాపతను తర్వాత చెప్పాడు. కానీ అది తర్వాత సంగతి. అప్పుడు మాత్రం ఆమె చేతిలో జాకెట్టు చేతిలోనే ఉంది, మెడ తిరగడం లేదు. పీల్చడం, వదలడం, ఈల. పీల్చడం, వదలడం, ఈల. కాసేపటికి వీపు వెనకాల, మనిషి కూర్చుంటే నోరెంత ఎత్తులో ఉంటుందో సరిగ్గా అంత ఎత్తునుంచి, తమ్ముడు మాట్లాడాడు.

"...దాన్ని పట్టుకుని నువ్వు లోపల్లోపల కుళ్ళుతుంటావని నాకు తెలుసు. వదిలెయ్యక్కా. నీ నోరు నాకు కొత్తా? చిన్నప్పట్నుంచీ రోజుకి పదిసార్లు చావమనేదానివి. ఒక్కసారైనా చచ్చానా?" నవ్వాడు. "తప్పు నాదేలే. బావ కంటికి కట్టుతో గుమ్మంలో నిలబడ్డాడంటే సిగ్గేసింది. మొహం చెల్లక మీ వీధి చివరిదాకా వచ్చి వెనక్కెళ్ళిపోయా, రెండుసార్లు. అందుకే నీకోసం ఇదొకటి చేస్తున్నా. మిషన్ పక్కన పెట్టుకుని పాటలు విను. పెట్టె కొలతే తేలట్లేదు. నా చొక్కా కొలత నీ పుస్తకంలో ఉందిగా, సరిగ్గా అంతే చేద్దామని. కుర్చీలో కూర్చోబెట్టుకున్నావనుకో, నేను రాని రోజు కూడా ఎదురుగా ఉన్నట్టే తిట్టుకోవచ్చు."

కొలతలక్క కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు జాకెట్టుమీద పడ్డాయి. నా మాట తగల్లేదు, మనసులో పెట్టుకోలేదు అనుకుంది. అబ్బ, ఎంత తేలికైందో ఆ గుండె! ఆ ఒక్క నిమిషం ఆమెకి చాలేది. కానీ గొంతు ఇంకా ఆగలేదు. ఏదో జరిపిన చప్పుడు, ఆయాసంగా ఓ ఊపిరి.

"ఆఁ, ఇంకోటి. నువ్వు కుట్టిన నీలం చొక్కా వేసుకున్నా ఇవాళ. పొద్దుట్నుంచీ ఛాతీ దగ్గర పట్టేస్తోందక్కా. ఎడం చెయ్యి కూడా లాగుతోంది, చంకలో బిగుతేమో. ఒళ్ళొచ్చినట్టుంది నాకు. నువ్వెలాగూ లోపల మడత వదిలే ఉంటావు. రేపొచ్చి వదులు చేయించుకుంటా. మాట్లాడకపోయినా చొక్కా అయితే తీసుకుంటావుగా. ఉంటా మరి."

గుమ్మం దగ్గర భర్త నిలబడి ఉన్నాడు, ఎప్పుడు లేచొచ్చాడో. ముప్పై ఏళ్ళు కాంపౌండరుగా చేసిన మనిషి, వాడు ఛాతీ అన్నప్పుడే ఆయనకి తెలిసిపోయింది. గోడకి ఆనుకుని, "ఫోను... నాకొక్క ఫోను చేసుంటే..." అన్నాడు.

ఆమె లేచింది. బీరువా అడుగునుంచి కవరు తీసి చించింది. నీలం చొక్కా. బల్లమీద పరిచి, ముడతలు అరచేత్తో నిమిరి, టేపు పెట్టింది. ఇరవై ఒకటి. రెండు వైపులా కలిపితే నలభై రెండు. చంకలో నాలుగు వేళ్ళు దూరేంత వదులుంది. ఒక్కసారి చూసుంటే చాలు, ముట్టుకోకుండానే చెప్పేసేది, ఇది బిగుతు కాదురా అని. వీధి చివర కనపడ్డప్పుడు పిలిచుంటే, మాటలుంటే, వాడు ఆ మధ్యాహ్నం గోడలకి చెప్పుకునేవాడు కాదు, ఆమెకే చెప్పేవాడు.

కుర్చీవైపు తిరిగింది. నెలన్నరగా మూతపడ్డ నోరు తెరుచుకుంది.

"మొద్దు వెధవా! ఛాతీ పట్టేస్తే దర్జీ దగ్గరికి ఎవడన్నా వస్తాడట్రా? ఇంట్లో కాంపౌండరుని పెట్టుకుని! చొక్కా బిగుతట, చొక్కా! నా చేతి చొక్కా ఎవడికన్నా బిగుతైందా ఇన్నేళ్ళలో? నీకు తెలీదూ?" వీధిలోకి వినపడేలా అరిచింది. అరుస్తూ ఏడ్చింది. ఎదురింటివాళ్ళు కిటికీలు తెరిచి, కొలతలక్కకి నోరొచ్చిందని చెప్పుకున్నారు.

పెట్టె పీలుస్తూనే ఉంది, వదులుతూనే ఉంది. చివర్లో ఈల.

ఏడుపు ఆగాక ఆమె గుండీ నొక్కి దాన్ని ఆపింది. ప్లగ్గు పీకింది. వెనక అతుకు దగ్గర రేకు అంచుల్ని కలిపిన రివెట్లు ఒక్కొక్కటే డ్రిల్లుతో ఊడదీసింది, కుట్టు విప్పినట్టే, పైనుంచి కిందికి. అటూ ఇటూ లోపలికి మడిచిపెట్టిన అరంగుళం అరంగుళం సుత్తితో తట్టి బయటికి తీసింది. మొత్తం అంగుళం. భర్త రేకు పట్టుకున్నాడు, ఆమె మళ్ళీ రివెట్లు కొట్టింది. సాయంత్రమయింది.

ప్లగ్గు పెట్టి గుండీ నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి. ఈల లేదు. హెచ్చడం, తగ్గడం కూడా లేదు, ఒకటే మెత్తటి చప్పుడు. తెరమీద అంకె ముప్పై ఏడుదాకా ఎక్కి కాసేపు నిలిచింది. తర్వాత ముప్పై ఆరయింది. ముప్పై అయిదు. ముప్పై మూడు. కాంపౌండరుగారు ఆ అంకె దిగడం ఇంతకుముందు పోయేవాళ్ళ మంచాల పక్కన నిలబడి చాలాసార్లు చూసినవాడే. ఆయన భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"చూసుకో, ఇప్పుడు వదులైందా?" అంది ఆమె, ప్రతి గిరాకీనీ అడిగినట్టే.

తర్వాత పుస్తకం తెరిచింది. ఎప్పుడూ విచ్చుకునే చోటే విచ్చుకుంది. వదులు చేసిన ప్రతిసారీ రాసుకునే అలవాటు కాబట్టి, తమ్ముడిది పేజీలో ఛాతీ ముప్పై ఎనిమిది కొట్టేసి, పక్కన ముప్పై తొమ్మిది అని రాసి పెట్టుకుంది.